ఇంటిముఖం

పత్రికల్లో ఆటల పేజీ తిరగేసే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట బాగా పరిచయం. టోర్నమెంటులో ఏ జట్టు ఓడినా మా డెస్కు వాళ్లం 'ఇంటిముఖం పట్టింది' అని రాస్తాం. క్వార్టర్స్‌లో ఇంటిముఖం, సెమీస్‌లో ఇంటిముఖం, కాస్త పేరున్న జట్టయితే 'అనూహ్యంగా ఇంటిముఖం'. పాతికేళ్ల పైచిలుకు ఆటల డెస్కులో సబ్ ఎడిటరుగా పనిచేశాను. ఆ మాట ఎన్ని వందలసార్లు రాసుంటానో నాకే తెలియదు. అరిగిపోయిన మాటతో ఉన్న సుఖం అదే. దాని గురించి ఆలోచించక్కర్లేదు, చెయ్యి దానంతటదే రాసుకుపోతుంది.

ఒక్క రాత్రి మాత్రం చెయ్యి ఆగింది.

2016 మే నెల. ఐపీఎల్ రోజులు. సన్‌రైజర్స్ టైటిల్ వైపు నడుస్తోంది కాబట్టి మా పేజీ అంతా వాళ్లదే. పేజీ వదిలే వేళకు అడుగున ఒక మూల నాలుగు లైన్ల ఖాళీ మిగిలింది. అలాంటి ఖాళీలు పూడ్చడానికి ఏజెన్సీ కాపీలో ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ రాత్రి దొరికింది ఉక్రెయిన్ ఫుట్‌బాల్ కప్ ఫైనల్. ల్వీవ్ నగరంలో జరిగింది. షాఖ్తార్ దొనెత్స్క్ 2, జోర్యా లుహాన్స్క్ 0. అంతే సంగతి. 'షాఖ్తార్‌దే ఉక్రెయిన్ కప్' అని హెడ్డింగు పెట్టి, మూడు లైన్లు రాసి, చివర 'జోర్యా జట్టు ఉత్త చేతులతో ఇంటిముఖం...' అంటూ మొదలుపెట్టాను. అక్కడ ఆగిపోయింది చెయ్యి. ఏ ఇంటిముఖం? యుద్ధం మూలంగా లుహాన్స్క్‌లో ఆ జట్టు అడుగుపెట్టక అప్పటికి రెండేళ్లు. పోనీ గెలిచిన షాఖ్తార్? దానిదీ అదే కథ, దొనెత్స్క్ వదిలి రెండేళ్లు. సొంత ఊళ్లు లేని రెండు జట్లు, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, దేశానికి ఆ చివర ఉన్న మూడో ఊళ్లో కప్పు కోసం ఆడుకున్నాయి. ఆ లైను కొట్టేశాను. ఖాళీ మిగిలింది. అందులో ఏదో చెస్ ఫలితం పెట్టి పేజీ వదిలేశాం.

ఆ కొట్టేసిన లైనే ఇవాళ నన్ను మీ ముందుకు తెచ్చింది.

ముందు ఈ కప్పు సంగతి కాస్త చెప్పాలి. ఫుట్‌బాల్ ఆడే దేశాల్లో చాలావాటిలో రెండు రకాల పోటీలు ఉంటాయి. ఒకటి లీగు, రెండోది కప్పు. లీగు వ్యవసాయం లాంటిది. ఏడాది పొడుగునా చెయ్యాలి. ఒక వాన తప్పినా మరో వానకు కోలుకోవచ్చు. చివర్లో కళ్లంలో ఎంత పడిందన్నదే లెక్క. కప్పు కోడిపందెం. బరిలోకి దిగాక ఒక్క దెబ్బతో తేలిపోతుంది. ఓడిన పుంజుకు మర్నాడు లేదు. బలమైన జట్టే లీగు గెలుస్తుందని దాదాపు రాసిపెట్టుకోవచ్చు. కప్పులో ఆ భరోసా లేదు. పైగా తొలి రౌండ్లలో సాధారణంగా చిన్న క్లబ్బు మైదానానికే పెద్ద క్లబ్బు వెళ్లాలి. కోట్లు పోసి కొన్న బ్రెజిల్ ఆటగాడు కూడా ఏదో మారుమూల ఊళ్లో, గోల్ పోస్టు వెనక గోడే లేని మైదానంలో దిగాల్సిందే. ఉద్యోగాలు చేసుకుంటూ ఆడే ఔత్సాహిక క్లబ్బులకు కూడా ఈ కప్పులో గుమ్మం తెరిచే ఉంటుంది. ఆ ఊళ్లో పిల్లలు స్కూలు ఎగ్గొట్టి మరీ వస్తారు. లీగులో ఆ ఊరి పేరు ఎవరూ పలకరు. కప్పు పలికిస్తుంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి కాస్త ఇక్కడే కూచుందాం. రేడియోలో నేను మీకు ఆట చూపించలేను. పేర్లు మాత్రం వినిపించగలను. పైకి నోరు తిరగనట్టుండే ఈ పేర్లకు అర్థాలు తెలిస్తే అవి మన పక్కింటి పేర్లే అనిపిస్తాయి. 'షాఖ్తార్' అంటే గని కార్మికుడు. దొనెత్స్క్ బొగ్గు గనుల ఊరు. 1936లో పుట్టినప్పుడు ఆ క్లబ్బు పేరు 'స్తఖనోవెత్స్', అంటే స్తఖానోవ్ మనిషి. ఒక్క షిఫ్టులో ఎన్నో రెట్లు ఎక్కువ బొగ్గు తవ్వాడని సోవియట్ ప్రభుత్వం ఊరూరా చాటిన కార్మికుడు ఆ స్తఖానోవ్. మన పాత కమ్యూనిస్టు ఇళ్లలో ఆ పేరు విననివారు అరుదు. కొత్తగూడెం వాళ్లో రామగుండం వాళ్లో ఒక జట్టు కట్టుకుని దానికి 'బొగ్గుబాయి కార్మికుడు' అని పేరు పెట్టుకున్నారనుకోండి, అదీ షాఖ్తార్. ఒడెసా వాళ్ల 'చొర్నొమోరెత్స్' అంటే నల్లసముద్రం మనిషి. జపోరిజ్జియా వాళ్ల 'మెతలుర్హ్' ఉక్కు కొలిమి దగ్గర పనివాడు. 'నివా' అంటే పంటపొలం, అది వినిత్సా జట్టు. 'కోలొస్' అంటే గోధుమ కంకి. అది కొవాలివ్కా అనే పల్లెటూరి జట్టు. ఆ పల్లె జట్టు దేశంలో మొదటి శ్రేణి దాకా ఎక్కి 2020లో యూరప్ పోటీల్లో కూడా ఆడింది. ఇక నదుల పేర్లకైతే లెక్కే లేదు. వోర్స్‌క్లా ఒక నది, ఇన్హులెత్స్ ఒక నది, దేస్నా ఒక నది, నీప్రో మహానది. కప్పు డ్రా తీసిన రోజు ఆ చీటీలన్నీ కలిపి చదివితే పొలం, గని, కొలిమి, ఓడరేవు, ఏరు అన్నీ ఒక్క కాగితం మీదికి వచ్చేస్తాయి.

సోవియట్ కాలంలో ఉక్రెయిన్ క్లబ్బులు సోవియట్ కప్పు ఆడేవి. డైనమో కీవ్ ఆ కప్పును తొమ్మిదిసార్లు గెలిచింది. షాఖ్తార్ నాలుగుసార్లు. అయితే ఉక్రెయిన్ వాళ్లు మురిసిపోతూ చెప్పుకునే గెలుపు 1969 నాటిది. ల్వీవ్ జట్టు కర్పాతి అప్పుడు రెండో శ్రేణిలో ఉంది. మాస్కోలో ఫైనల్లో రొస్తోవ్ సైనిక జట్టును 2-1తో ఓడించింది. మొదటి శ్రేణి బయటినుంచి వచ్చి సోవియట్ కప్పు పట్టుకుపోయిన జట్టు ఆ మొత్తం చరిత్రలో అదొక్కటే. ల్వీవ్‌లో ముసలివాళ్లకు ఆ పదకొండుమంది పేర్లు ఇప్పటికీ నోటికి వస్తాయంటే నేను నమ్ముతాను. మన దగ్గర కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ పేర్లు నోటికొచ్చే ముసలివాళ్లను బర్కస్‌లోనూ సికింద్రాబాద్‌లోనూ నేను కళ్లారా చూశాను.

1991 చివర్లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. ఉక్రెయిన్ వాళ్లు 1992 వసంతంలోనే హడావిడిగా సొంత లీగు, సొంత కప్పు మొదలుపెట్టారు. తొలి కప్ ఫైనల్ మే 31న కీవ్‌లో. ఒడెసా చొర్నొమోరెత్స్, ఖార్కివ్ మెతలిస్త్ ఆడాయి. తొంభై నిమిషాలూ గోల్ లేదు. అదనపు సమయంలో ఒడెసా కుర్రాడు ఇల్యా త్సింబలార్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో కప్పు సముద్రం ఒడ్డుకు చేరింది. స్వతంత్ర ఉక్రెయిన్ మొదటి కప్పు తెచ్చిన కాలు అతనిది. అతను ఆ దేశం తరఫున ఆడిన మ్యాచ్‌లు మూడంటే మూడు. 1994 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో రష్యాకు చోటు దొరికింది, కొత్త దేశం ఉక్రెయిన్‌కు దొరకలేదు. ప్రపంచ కప్ ఆడాలన్న ఆశ ఏ ఆటగాడికి ఉండదు? త్సింబలార్ మాస్కో స్పార్తాక్‌కు వెళ్లాడు, రష్యా చొక్కా తొడిగాడు, ప్రపంచ కప్‌కు వెళ్లాడు. అలా వెళ్లిన ఉక్రెయిన్ కుర్రాళ్లు అతనొక్కడే కాదు. అప్పట్లో దాన్ని ద్రోహమని అన్నవాళ్లు ఉన్నారు గానీ, అది ఉద్యోగం మారినంత మామూలు సంగతిగానే చాలామందికి తోచింది. 2013 డిసెంబరులో నలభై నాలుగేళ్లకే అతను పోయాడు. ఆ తర్వాత రెండు నెలలకే రష్యా, ఉక్రెయిన్‌ల మధ్య అంతా తలకిందులైంది. ద్రోహమా కాదా అన్న ప్రశ్నకు అతను జవాబు చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాతి కథలో చాలా భాగం రెండు పేర్లే. 1992 నుంచి 2025 వరకు 32 ఫైనల్స్ జరిగాయి. షాఖ్తార్ 15 గెలిచింది, డైనమో కీవ్ 13. మిగతా అందరికీ కలిపి నాలుగు. ఆ రెండింటి పోరులో ఎన్నో చెప్పుకోవచ్చు, నేను ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం. డైనమోను డైనమోగా నిలబెట్టిన కోచ్ వలేరీ లొబనోవ్‌స్కీ 2002 మేలో మ్యాచ్ జరుగుతుండగానే బెంచీ మీద కుప్పకూలి, కొద్దిరోజులకు కన్నుమూశాడు. అదే నెలలో డైనమో, షాఖ్తార్ కప్ ఫైనల్. అదనపు సమయంలో షాఖ్తార్ 3-2తో గెలిచింది. లీగు కూడా మొదటిసారి ఆ ఏడాదే షాఖ్తార్‌కు దక్కింది. ఒక శకం పోయి ఇంకొకటి రావడం చరిత్రలో ఇంత కచ్చితంగా కుదరడం అరుదు.

నాకు ఇష్టమైన ఫైనల్ మాత్రం 2009ది.

ఆ ఏడాది మే 20న షాఖ్తార్ ఇస్తాంబుల్‌లో జర్మనీ క్లబ్బు వెర్డర్ బ్రెమెన్‌ను 2-1తో ఓడించి యూఎఫా కప్ గెలిచింది. స్వతంత్ర ఉక్రెయిన్‌కు అదే తొలి యూరప్ ట్రోఫీ. కోచ్ రొమేనియాకు చెందిన మిర్చా లుచెస్కు. జట్టు నిండా బ్రెజిల్ ఆటగాళ్లు. వాళ్ల మీద దేశమంతా పూలు చల్లింది. సరిగ్గా పదకొండు రోజులకు నీప్రో నగరంలో ఉక్రెయిన్ కప్ ఫైనల్. ఎదుట పొల్తావా ఊరి వోర్స్‌క్లా. పొల్తావా అంటే ఉక్రెయిన్ వాళ్లకు ముందు గుర్తొచ్చేది 'హలుష్కి', ఉడకబెట్టిన పిండి ముద్దలు. ఆ వంటకానికి ఆ ఊళ్లో విగ్రహం కట్టారు. గిన్నెలో హలుష్కి, పక్కన గరిటె, అదీ విగ్రహం. మన దగ్గర ఆత్రేయపురంలో పూతరేకుకు విగ్రహం పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. ఆ ఊరి జట్టు యూరప్ విజేతల మీదికి వచ్చింది.

యాభయ్యో నిమిషం. వసీల్ సాచ్కో గోల్ కొట్టాడు. అప్పటికింకా నలభై నిమిషాలుంది. మామూలుగా ఇలాంటి చోట పెద్ద జట్టు పట్టు బిగిస్తుంది, చిన్న జట్టు కాళ్లు వణుకుతాయి, చివరి పది నిమిషాల్లో సమం అవుతుంది, ఆపైన కథ మనకు తెలిసిందే. ఇక్కడ అలా జరగలేదు. 1-0 అయిన ఆట 1-0గానే ముగిసింది. వోర్స్‌క్లా చరిత్రలో ఉన్న ఒకే ఒక్క పెద్ద కప్పు అది. కప్పు గెలిచిన క్లబ్బుకు యూరప్ పోటీల్లో చోటు దొరుకుతుంది కాబట్టి ఆ ఆగస్టులో లిస్బన్ నుంచి బెన్ఫికా అంతటి జట్టు పొల్తావా వచ్చింది. మొదటి మ్యాచ్‌లో లిస్బన్‌లో నాలుగు గోల్స్ తిన్న వోర్స్‌క్లా తన ఊళ్లో మాత్రం 2-1తో గెలిచింది. పోటీలోంచి బయటికి పోయింది, నిజమే. కానీ బెన్ఫికా మా ఊరొచ్చి ఓడిపోయిందని చెప్పుకునే హక్కు పొల్తావాకు ఎప్పటికీ ఉంటుంది. సాచ్కో తర్వాత అదే జట్టుకు కోచ్ అయ్యాడు.

మరుసటి ఏడాది 2010లో ఖార్కివ్‌లో ఫైనల్. సింఫెరోపోల్ జట్టు తావ్రియా అదనపు సమయంలో 3-2తో మెతలుర్హ్ దొనెత్స్క్‌ను ఓడించింది. సింఫెరోపోల్ క్రిమియా రాజధాని. తావ్రియా అన్నది క్రిమియాకు పాత పేరు. 1992లో దేశానికి మొదటి లీగ్ ఛాంపియన్ కూడా ఈ తావ్రియానే. డైనమో, షాఖ్తార్ కాకుండా ఉక్రెయిన్ లీగు గెలిచిన క్లబ్బు 2025 దాకా ఇంకొకటి లేదు. పద్దెనిమిదేళ్లకు మళ్లీ ఒక కప్పు. ఆ సాయంత్రం ఖార్కివ్‌లో ఆడిన ఈ రెండు జట్ల పేర్లను ఒకసారి మనసులో పెట్టుకోండి. నాలుగేళ్లకు క్రిమియాను రష్యా కలిపేసుకుంది. సింఫెరోపోల్‌లో ఉక్రెయిన్ క్లబ్బు తావ్రియా మూతపడింది. 2016లో ఖెర్సోన్ ప్రాంతంలో నీప్రో ఒడ్డున బెరిస్లావ్ అనే చిన్న పట్టణంలో అదే పేరుతో మళ్లీ మొదలుపెట్టారు, కింది మెట్టు నుంచి. 2022లో ఆ పట్టణాన్ని కూడా రష్యా సైన్యం ఆక్రమించింది, తర్వాత వదిలింది. ఇప్పుడు అది నదికి ఇవతలి గట్టు, అవతలి గట్టు నుంచి గుళ్లు పడుతుంటాయి. రెండో జట్టు మెతలుర్హ్ దొనెత్స్క్ 2015లో దివాలా తీసి అసలు లేకుండానే పోయింది. ఒక ఫైనల్ ఆడిన రెండు జట్లలో ఒకదానికి ఊరు పోయింది, ఒకటి తానే పోయింది.

ఇక షాఖ్తార్. దొనెత్స్క్‌లో 2009 ఆగస్టులో తెరిచిన దొన్‌బాస్ అరెనా యాభై వేలకు పైగా జనం పట్టే స్టేడియం. 2012 యూరో సెమీఫైనల్ స్పెయిన్, పోర్చుగల్ మధ్య అక్కడే జరిగింది. షాఖ్తార్ అక్కడ ఆడిన చివరి మ్యాచ్ 2014 మే 2న. ఆ తర్వాత రెండు వారాలకు పొల్తావాలో జరిగిన కప్ ఫైనల్లో డైనమో చేతిలో 1-2తో ఓడిపోయింది. ఓడి ఇంటికి పోదామంటే, ఆ వేసవిలో దొనెత్స్క్ యుద్ధభూమి అయింది. గుళ్లు పడి స్టేడియం దెబ్బతింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఆ అరెనాలో ఆట లేదు. టికెట్ల కోసం జనం బారులు తీరిన చోటే ఆహార పొట్లాల కోసం బారులు తీరారు. పిండి, నూనె, డబ్బా మాంసం పంచిన సహాయ కేంద్రం అది, క్లబ్బు యజమాని పేరు మీద నడిచింది.

జట్టు ముందు ల్వీవ్ వెళ్లింది. దూరం ఎంతో చెబితే తెలియదు, ఇలా చెబితే తెలుస్తుంది. శ్రీకాకుళం జట్టు తన సొంత మైదానం మ్యాచ్‌లన్నీ బెంగళూరులో ఆడినట్టు. ల్వీవ్ నుంచి 2017లో ఖార్కివ్, 2020లో కీవ్. 2022 తర్వాత యూరప్ పోటీల 'హోం మ్యాచ్‌లు' ఒక ఏడాది వార్సాలో, ఒక ఏడాది హాంబుర్గ్‌లో, ఒక ఏడాది గెల్సెన్‌కిర్షెన్‌లో. అద్దె ఇళ్లు మారిన సంసారాలకు ఈ జాబితా కొత్తేం కాదు. ఇందాక షాఖ్తార్ 15 కప్పులు గెలిచిందన్నాను కదా. వాటిలో ఆరు దొనెత్స్క్ వదిలాక గెలిచినవే. ఆ ఆరు కప్పుల్లో ఒక్కటి కూడా దొనెత్స్క్ వీధుల్లో ఊరేగలేదు.

మా పేజీ అడుగున నేను కొట్టేసిన లైను ఇక్కడిదే. 2016 మే 21, ల్వీవ్. జోర్యా కోచ్ యూరీ వెర్నిదూబ్. లుహాన్స్క్ వదిలాక జపోరిజ్జియాలో మకాం పెట్టి, ఆటగాళ్లను కూడగట్టి జట్టును ఫైనల్ దాకా తెచ్చాడు. షాఖ్తార్ బెంచీ మీద లుచెస్కుకు అదే చివరి మ్యాచ్, పన్నెండేళ్ల తర్వాత. ఆ తర్వాత అదే లుచెస్కు డైనమోకు కోచ్‌గా వచ్చి 2021లో డైనమోకే కప్పు గెలిచి పెట్టాడు. వెర్నిదూబ్ మలుపు ఇంకా వింతైనది. మోల్దోవాలోని షెరీఫ్ తిరాస్పోల్ అనే, మా ఏజెన్సీ కాపీ కూడా ఎప్పుడూ ఎరగని జట్టుతో 2021 సెప్టెంబరులో మాడ్రిడ్ వెళ్లి రియల్ మాడ్రిడ్‌ను 2-1తో ఓడించాడు. ఆరు నెలలు తిరక్కముందే, యుద్ధం మొదలైన రోజుల్లో, యాభై ఆరేళ్ల వయసులో కోచింగు వదిలి ఉక్రెయిన్ సైన్యంలో చేరాడు.

మధ్యలో ఒక తీపి కబురు చెప్పాలి, లేకపోతే కప్పు కథకు అన్యాయం. 2019 ఫైనల్ జపోరిజ్జియాలో. షాఖ్తార్‌కు ఎదురుగా వచ్చిన జట్టు ఇన్హులెత్స్. ఊరు పెత్రోవె. ఏడువేల మంది కూడా ఉంటారో లేదో అన్నంత ఊరు. క్లబ్బు వయసు ఆరేళ్లు. ఆడేది రెండో శ్రేణి. ఉక్రెయిన్ కప్ ఫైనల్‌కు రెండో శ్రేణి జట్టు రావడం అదే మొదటిసారి. ఇక ఫలితం ఊహించడం పెద్ద కష్టం కాదు, 4-0. అయినా ఆ రాత్రి ఊరి జనాభాలో ఎంతమంది ఆ స్టేడియంలో ఉండుంటారో ఆలోచించండి. ఊళ్లో కుక్కలే కాపలా ఉండుంటాయి. మరుసటి ఏడాది ఇన్హులెత్స్ మొదటి శ్రేణికి కూడా ఎక్కింది. ఆ రాత్రి ఓడిన జట్టు నిజంగానే ఇంటిముఖం పట్టింది. ఆ మాట అక్కడ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

2022 ఫిబ్రవరి. ఉక్రెయిన్‌లో చలికాలం విరామం ముగిసి, 25వ తేదీ శుక్రవారం లీగు మళ్లీ మొదలు కావాలి. 24 గురువారం తెల్లవారుజామున బాంబులు పడ్డాయి. ఆ సీజన్ కప్పు సగంలో ఆగిపోయింది. విజేత పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మరుసటి సీజన్‌లో కప్పు అసలు జరగనే లేదు, ఇంకో ఖాళీ.

ఆ రోజులు మన ఇళ్లలో గుర్తున్నాయి కదా. ఖార్కివ్, సుమీ, జపోరిజ్జియా, వినిత్సా, టెర్నోపిల్. వైద్య విద్య కోసం వెళ్లిన పిల్లలున్న ఇంట్లో ఆ ఊళ్ల పేర్లు అమ్మమ్మలకు కూడా నోటికొచ్చేశాయి. ఏ ఊరు ఏ సరిహద్దుకు దగ్గర, రొమేనియాకా పోలండ్‌కా, అన్నది మనకు అప్పుడే తెలిసింది. మా వీధిలో ఒకబ్బాయి వినిత్సాలో చదివేవాడు. రొమేనియా మీదుగా ఇంటికొచ్చాడు. మూడు నెలలయ్యాక, కాస్త కుదుటపడ్డాక, నేను అడిగాను, అక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్ ఎప్పుడైనా చూశావా నాన్నా అని. అతను క్రికెట్ పిల్లాడు. ఒకే ఒక్కసారి స్నేహితులు లాక్కెళ్లారట. ఏ జట్లో, ఎవరు గెలిచారో గుర్తులేదు. "గేటు దగ్గర ముసలమ్మలు కాగితం పొట్లాల్లో పొద్దుతిరుగుడు గింజలు అమ్ముతారంకుల్, స్టేడియమంతా అందరూ అవే కొరుకుతుంటారు, మ్యాచయ్యాక నడుస్తుంటే కాళ్లకింద పొట్టు కరకరలాడుతుంది" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఆ ఊరి జట్టు నివా 1996లో కప్ ఫైనల్ దాకా వెళ్లి డైనమో చేతిలో ఓడిందని నేను చెబితే, "మా వినిత్సానా?" అన్నాడు. 'మా' అన్నాడు. నేను విననట్టు ఊరుకున్నాను.

ఆట మళ్లీ మొదలైంది 2022 ఆగస్టు 23న, కీవ్‌లో, ఒక్క ప్రేక్షకుడు లేని స్టేడియంలో. నియమాలు కొత్తవి. సైరన్ మోగితే రిఫరీ ఈల వేస్తాడు, రెండు జట్లూ షెల్టర్‌లోకి దిగుతాయి. ప్రమాదం తప్పిందని కబురు వచ్చాక పైకి వచ్చి, కాళ్లు మళ్లీ వేడెక్కించుకుని, ఆగిన నిమిషం నుంచి ఆడాలి. ఆ వారమే ల్వీవ్‌లో రూఖ్, మెతలిస్త్ జట్ల లీగ్ మ్యాచ్ ఇలా ఆగుతూ ఆగుతూ మొత్తం నాలుగు గంటల ఇరవై ఏడు నిమిషాలు నడిచింది. ఒక్కసారి ఊహించుకోండి. గోల్ కీపర్ గ్లవ్స్ తీసి పక్కన పెట్టుకుని, చెమట ఆరి చలి పుడుతుంటే, అవతలి జట్టు స్ట్రైకర్ పక్కనే గోడకు ఆనుకుని కూచుంటాడు. గంట కిందట తన గోల్ మీదికి బంతి కొట్టినవాడే. ఇద్దరూ ఫోన్లు తీసి ఇళ్లకు మెసేజ్ పెట్టుకుంటారు, మీ దగ్గర ఎలా ఉంది అని. తర్వాత పైకి వెళ్లి మళ్లీ ఒకరినొకరు నెట్టుకుంటారు. తర్వాతి సీజన్లలో ప్రేక్షకులను కొద్దికొద్దిగా రానిచ్చారు. స్టేడియంలో ఎన్ని సీట్లున్నాయన్నది కాదు లెక్క, షెల్టర్‌లో ఎంతమందికి చోటుంది అన్నది.

కప్పు 2023లో మళ్లీ మొదలైంది. కొన్ని పేర్లు ఇక చీటీల్లో లేవు. మరియుపోల్ జట్టు లేదు, ఆ ఊరే ఎలా అయిందో అందరూ చూశారు. చెర్నిహివ్ జట్టు దేస్నా లేదు. దాని స్టేడియం మీద 2022 మార్చిలోనే బాంబులు పడ్డాయి. ఫైనల్స్ జరిగిన ఊళ్ల వరస చూసినా అదే తెలుస్తుంది. 2008 నుంచి ఫైనల్‌ను కీవ్ దాటించి ఊరూరా తిప్పడం మొదలుపెట్టినప్పుడు ఖార్కివ్, నీప్రో, సుమీ, పొల్తావా, జపోరిజ్జియా, ఎక్కువ భాగం తూర్పు ఊళ్లు. కప్పు తిరిగి వచ్చాక 2024లో రివ్నే, 2025లో జితోమిర్. సైరన్ కాస్త తక్కువ మోగే పడమటి దిక్కుకు కప్పు జరిగిపోయింది. రివ్నేలో షాఖ్తార్ 2-1తో వోర్స్‌క్లాను ఓడించింది. పదిహేనేళ్ల కిందటి అప్పు అలా తీరింది.

జితోమిర్ ఫైనల్ 2025 మే 14న. మళ్లీ షాఖ్తార్, డైనమో. ఆ సీజన్ లీగులో డైనమో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ ఏడాది లీగు దానిదే. తొంభై నిమిషాలకు 1-1. అదనపు సమయంలోనూ 1-1. షూటౌట్ ఐదు కిక్కులతో తేలలేదు, ఆపైకి వెళ్లింది. 6-5తో కప్పు షాఖ్తార్‌ది.

అప్పటికి నేను రిటైరై చాలా కాలమైంది. పొద్దున్నే పేపరు తెరిచి ఆటల పేజీ అడుగున వెతికాను, లేదు. ఐపీఎల్ రోజులు కదా. వార్త ఫోన్‌లో చదువుకున్నాను. ఆ నాలుగు లైన్లు నాకే ఇచ్చి ఉంటే ఏం రాసేవాణ్ణా అని అలవాటుకొద్దీ ఆలోచించాను. జితోమిర్ నుంచి కీవ్ నూట నలభై కిలోమీటర్లు, తిన్నని రోడ్డు. 'షూటౌట్‌లో షాఖ్తార్‌కు కప్పు, ఇంటిముఖం పట్టిన డైనమో.' ఈసారి చెయ్యి ఆగేది కాదు. గెలిచిన జట్టు ఆ రాత్రి ఎటు వెళ్లిందన్నది మాత్రం ఆ నాలుగు లైన్లలో పట్టదు.